వైద్య థీసిస్‌లో లెక్కలు: ప్రశ్న దగ్గర మొదలుపెట్టి ఫలితాల పట్టిక దాకా

పీజీ థీసిస్‌లో స్టాటిస్టిక్స్ పని మాస్టర్ చార్ట్ (రోగులందరి వివరాల పట్టిక) నిండాక మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. ఏడాదిన్నర కేసులు పోగేసి, ఎక్సెల్ ఫైలు పట్టుకుని స్టాటిస్టీషియన్ దగ్గరకు వెళ్లి "ఏ టెస్టు వేయాలి?" అని అడుగుతారు. అప్పటికి చేయగలిగింది తక్కువే మిగులుతుంది. ఎంతమందిని తీసుకోవాలి, ఎలా ఎంచుకోవాలి, దేన్ని ఏ పరికరంతో కొలవాలి అన్నవన్నీ లెక్కల నిర్ణయాలే. అవి సినాప్సిస్ (థీసిస్ ముందస్తు ప్రణాళిక) రాసే రోజునే అయిపోతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం టెస్టులకు ముందు జరగాల్సిన పని గురించే. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుంటాం: యాంటీనేటల్ ఓపీకి వచ్చే గర్భిణుల్లో రక్తహీనత.

ప్రశ్నను ఒక్క వాక్యంలోకి దింపండి

"గర్భిణుల్లో రక్తహీనతపై అధ్యయనం" అన్నది శీర్షికే, ప్రశ్న కాదు. ప్రశ్న ఇలా ఉండాలి: "28 వారాలు దాటిన గర్భిణుల్లో, ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు క్రమంగా వేసుకోనివాళ్లలో రక్తహీనత, వేసుకున్నవాళ్లలో కంటే ఎంత ఎక్కువ?" ఎవరిలో, దేన్ని దేనితో పోలుస్తున్నాం, ఫలితంగా ఏం కొలుస్తున్నాం అన్న మూడూ ఆ వాక్యంలో ఉన్నాయి. "క్రమంగా" అంటే ఏమిటో కూడా ఇప్పుడే తేల్చాలి. అనీమియా ముక్త్ భారత్ (రక్తహీనతపై జాతీయ కార్యక్రమం) కింద గర్భిణికి రోజుకు 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర, రెండో త్రైమాసికం నుంచి 180 రోజులు ఇవ్వాలి. గడచిన 30 రోజుల్లో కనీసం 24 మాత్రలు వేసుకుంటే క్రమం అనాలా, 20 చాలా? ఏదైనా ఒకటి పెట్టుకోండి. డేటా చూశాక మాత్రం ఆ గీత జరపకండి. గీతను అటూ ఇటూ జరుపుతూ పోతే ఎక్కడో ఒకచోట "సిగ్నిఫికెంట్" (యాదృచ్ఛికం కాదనిపించే తేడా) వచ్చి తీరుతుంది, దానికి ఏ విలువా ఉండదు.

ప్రధాన ఫలితం ఒక్కటే ఉండాలి. మిగతావి ఎన్ని ఉన్నా ద్వితీయ ఫలితాలే. నిజంగా ఏ తేడా లేని చోట, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు 0.05 గీతతో (పి విలువ అంతకంటే తక్కువైతే తేడా ఉందనే లెక్కతో) వేస్తే, కనీసం ఒకదానిలో తప్పుడు "తేడా" కనిపించే అవకాశం 64 శాతం.

ప్రశ్న తేలాక ఫలితాల అధ్యాయంలో రావాల్సిన పట్టికలను అంకెలు లేకుండా గీయండి. నిలువు వరుసలు, అడ్డ వరుసలు, శీర్షికలు ఉంటాయి, గడులు ఖాళీగా ఉంటాయి. అయిదారు పట్టికలు సరిపోతాయి. ఏ పట్టికలోనూ చోటు దొరకని ప్రశ్న ప్రొఫార్మాలో (రోగి వివరాలు నింపే ఫారంలో) ఉంటే కొట్టేయండి. పట్టికకు కావాల్సిన సమాచారం ప్రొఫార్మాలో లేకపోతే ఇప్పుడే చేర్చండి. ఒక సాయంత్రం చాలు ఈ పనికి. థీసిస్ మొత్తంలో ఇంత లాభసాటి సాయంత్రం ఇంకొకటి ఉండదు.

ఎంతమంది కావాలి

శాంపిల్ సైజ్‌కు ఒకే సూత్రం లేదు. ప్రశ్న మారితే సూత్రం మారుతుంది.

ఒక శాతాన్ని అంచనా వేయడమే లక్ష్యమైతే: 1.96 వర్గం × పి × (1 − పి) ÷ డి వర్గం. ఇక్కడ పి అంటే ముందే తెలిసిన అంచనా, డి అంటే మనం ఒప్పుకునే పొరపాటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం గర్భిణుల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 53.7 శాతం, తెలంగాణలో 53.2 శాతం. పి 0.537, డి 0.05 అనుకుంటే 3.8416 × 0.537 × 0.463 ÷ 0.0025 = 382.06. శాంపిల్ సైజ్‌ను ఎప్పుడూ పైకే సవరించాలి కాబట్టి 383. పదిమందిలో ఒకరి వివరాలు అసంపూర్ణంగా మిగులుతాయనుకుంటే 383ను 0.9తో భాగించాలి: 426. చాలామంది 383కు 10 శాతం కలిపి 422 రాస్తారు. 422లో పదో వంతు పోతే మిగిలేది 380 మాత్రమే.

ఈ సూత్రంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. డి దగ్గర "20 శాతం సాపేక్ష ఖచ్చితత్వం" అని రాస్తారు. అప్పుడు డి విలువ 0.537లో 20 శాతం, అంటే 0.107 అవుతుంది. శాంపిల్ 383 నుంచి 83కు పడిపోతుంది. లెక్క తప్పు కాదు. కానీ ఆ అధ్యయనం చివరికి చెప్పగలిగేది "రక్తహీనత 43 నుంచి 64 శాతం మధ్య ఎక్కడో ఉంది" అనే. ఆ మాట తెలుసుకోవడానికి అధ్యయనమే అక్కర్లేదు. డిని ఎప్పుడూ శాతపు పాయింట్లలో రాసి, చివరికి వచ్చే అంతరం వైద్యుడికి ఉపయోగపడుతుందా అని అడగండి.

రెండు గ్రూపుల సగటులు పోల్చాలంటే సూత్రం వేరు. ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్‌ను మాత్రలతో పోలుస్తున్నాం అనుకోండి. 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), 5 శాతం గీత పెట్టుకుంటే ఒక్కో గ్రూపుకు 15.68 × ఎస్‌డీ వర్గం ÷ తేడా వర్గం. ఎస్‌డీ అంటే సగటు చుట్టూ విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. హిమోగ్లోబిన్ ఎస్‌డీ డెసిలీటరుకు 1.2 గ్రాములు, పట్టుకోవాల్సిన తేడా 0.5 గ్రాము అయితే 15.68 × 1.44 ÷ 0.25 = 90.3, అంటే గ్రూపుకు 91. మధ్యలో మానేసే పదో వంతును కలుపుకుంటే 102. తేడాను సగం చేసి 0.25 అంటే శాంపిల్ రెట్టింపు కాదు, నాలుగింతలు: గ్రూపుకు 362. ఆ 0.5 అన్న అంకె రోగికి మేలు చేసే కనీస తేడా కావాలి. "మాకు 60 మందే దొరుకుతారు" అని వెనక నుంచి లెక్కగట్టి తేడాను 1 గ్రాముగా పెంచకండి. 60 మందే దొరికే పరిస్థితి ఉంటే ఆ విషయమే సినాప్సిస్‌లో రాసి, ప్రశ్నను మార్చుకోవడం మేలు.

ఓపీలో కాక గ్రామాల్లో చేస్తుంటే మరో గుణకం కావాలి. ఒకే ఊరివాళ్ల తిండి, నీళ్లు, ఏఎన్‌ఎం పనితీరు ఒకటే కావడంతో వాళ్ల ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఊరికి 20 మంది చొప్పున తీసుకుని, ఆ దగ్గరితనం కొలత 0.05 అయితే 1 + 19 × 0.05 = 1.95. అంటే శాంపిల్‌ను దాదాపు రెట్టింపు చేయాలి. ఊళ్లు పెంచి, ఊరికి తీసుకునే మందిని తగ్గిస్తే ఈ గుణకం దిగుతుంది.

ఎవరిని తీసుకోవాలి

వారంలో అన్ని ఓపీ రోజులూ రావాలి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రులకు గర్భిణులు పెద్ద సంఖ్యలో వస్తారు. పని త్వరగా అవుతుందని ఆ ఒక్క రోజు కేసులే రాసుకుంటే, మామూలు రోజుల్లో వచ్చేవాళ్లు మీ అధ్యయనంలో ఉండరు. అర్హత ఉన్న ప్రతి ఒక్కరినీ వరుసగా తీసుకోండి, లేదా ప్రతి మూడో వ్యక్తిని తీసుకోండి. ఎంతమందిని అడిగారు, ఎంతమంది ఒప్పుకోలేదు అన్నది రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, చివర్లో గుర్తు తెచ్చుకుని రాయలేరు.

చికిత్సలను పోల్చే ట్రయల్ అయితే సరి సంఖ్య ఓపీ నంబరుకు ఒక మందు, బేసి సంఖ్యకు ఇంకొకటి అన్నది ర్యాండమైజేషన్ (లాటరీలా పంచడం) కాదు. తర్వాతి రోగికి ఏ మందు వస్తుందో డాక్టర్‌కు ముందే తెలిసిపోతుంది, బాగా నీరసంగా ఉన్నవాళ్లు ఒకవైపుకే చేరతారు. కంప్యూటర్‌తో 4, 6 పరిమాణాల బ్లాకుల్లో (రెండు మందులూ సమానంగా వచ్చే చిన్న గుంపుల్లో) జాబితా తయారు చేయించి, లోపల కాగితం బయటికి కనిపించని, వరుస నంబర్లున్న, అంటించిన కవర్లలో పెట్టించండి. ఆ జాబితా రోగులను చేర్చుకునేవాళ్ల చేతిలో ఉండకూడదు. మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో నమోదు అయిపోవాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ వెనకటి తేదీ నమోదులు తీసుకోవడం లేదు.

కొలత

గర్భిణిలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత. రెండో త్రైమాసికానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు 10.5 గీత చెబుతోంది. ఏ గీత వాడుతున్నారో రాయండి. "11 కంటే తక్కువ" అన్నారా, "11, అంతకంటే తక్కువ" అన్నారా అన్నది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, సాలీ పద్ధతిలో కంటితో రంగు చూసి కొలిచిన చోట ఇది ఫలితాన్నే తిప్పేస్తుంది. కంటితో చదివేవాళ్లు 10, 10.5, 11 లాంటి గుండ్రటి అంకెల దగ్గర ఆగుతారు. సరిగ్గా 11 దగ్గర 40 మంది గుంపుగా ఉంటే, ఒక్క గుర్తు మార్పుతో 400 మందిలో రక్తహీనత 10 శాతపు పాయింట్లు కదిలిపోతుంది. వీలైతే అందరికీ ఆటో అనలైజర్‌లోనే, సిర రక్తంతోనే కొలవండి. కొందరికి వేలి కొన రక్తం, కొందరికి సిర రక్తం అస్సలు వద్దు. కుటుంబ ఆరోగ్య సర్వే వేలి కొన రక్తాన్నే వాడింది కాబట్టి, మీ శాతాన్ని ఆ సర్వే శాతంతో పోల్చేటప్పుడు ఈ సంగతి చర్చలో రావాలి.

రెండు పద్ధతులు ఒకే అంకె ఇస్తున్నాయా అన్నదే మీ థీసిస్ అయితే కోరిలేషన్ (రెండు అంకెలు కలిసి పెరుగుతాయా అన్న కొలత) వేయకండి. సాలీ పద్ధతి ప్రతిసారీ సరిగ్గా 1 గ్రాము తక్కువ చూపినా కోరిలేషన్ 1 వస్తుంది. రెండు పద్ధతుల అంకెల తేడాను ఒక అక్షం మీద, సగటును ఇంకో అక్షం మీద పెట్టే బ్లాండ్, ఆల్ట్‌మన్ బొమ్మ దీనికి తగినది. తేడాల సగటుకు అటూ ఇటూ 1.96 ఎస్‌డీల గీతలు గీసి, ఆ వెడల్పు వైద్యానికి సమ్మతమేనా అని చూడాలి.

మాస్టర్ చార్ట్

ఒక మనిషికి ఒక వరుస, ఒక విషయానికి ఒక నిలువు. ఇది దాటితే ఏ సాఫ్ట్‌వేరూ మీ ఫైలు చదవలేదు.

అంకెల గడిలో అంకె మాత్రమే ఉండాలి. "28 ఏళ్లు" అని టైప్ చేస్తే ఎక్సెల్‌కు అది మాట, వయసుల సగటులోకి రాదు. బీపీని "120/80" అని కాక రెండు నిలువుల్లో పెట్టండి. వయసును 20–24, 25–29 అని గుంపులుగా ఎక్కించకండి. అసలు వయసు రాయండి, గుంపులు తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. గుంపుల నుంచి అసలు వయసు తిరిగి రాదు. రంగులతో అర్థాలు పెట్టుకోకండి. పసుపు రంగు గడి అంటే మానేసిన రోగి అని మీకు తెలుసు, సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. గడులు కలపకండి. తేదీలన్నీ ఒకే తీరులో ఉండాలి. 03-04-2024 ఒక కంప్యూటర్‌లో ఏప్రిల్ 3, ఇంకో కంప్యూటర్‌లో మార్చి 4.

తెలియని విలువను ఖాళీగా వదిలేయండి. సున్నా పెడితే హిమోగ్లోబిన్ సగటులోకి సున్నా దూరుతుంది. 999 పెట్టి మరిచిపోతే ఇంకా ఘోరం. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ ఈ ఫైలులో ఉండకూడదు. అధ్యయన నంబరు ఒక్కటే ఉంచి, పేర్లతో జోడించే జాబితాను వేరే చోట తాళం వేసి పెట్టండి. కోడ్‌ల వివరం కోసం రెండో షీటు పెట్టండి: 0 అంటే లేదు, 1 అంటే ఉంది, ఇలా ప్రతి నిలువుకూ.

ఎక్కించడం పూర్తయ్యాక ప్రతి నిలువుకూ కనిష్ఠం, గరిష్ఠం చూడండి. హిమోగ్లోబిన్ 112 కనిపిస్తే దశాంశ బిందువు జారిపోయిందో, లీటరుకు గ్రాముల్లో రాశారో కేస్ షీట్ తీసి చూడాలి. ఊహించి దిద్దకూడదు. పదింట ఒక కేస్ షీట్‌ను ఇంకొకరితో మళ్లీ ఎక్కించి పోల్చండి. తప్పులు ఎక్కువగా తేలితే మొత్తం రెండోసారి ఎక్కించాల్సిందే. శుభ్రం చేయని అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, కాపీ మీదే పని చేయండి.

టెస్టుకు ముందు బొమ్మ

ప్రతి అంకెల నిలువుకూ హిస్టోగ్రామ్ గీయండి. హిమోగ్లోబిన్ సాధారణంగా గంట ఆకారంలో వస్తుంది, సగటు, ఎస్‌డీ చాలు. ఫెరిటిన్ (ఇనుము నిల్వల కొలత) అలా రాదు, కుడివైపు తోక సాగుతుంది. సగటు 28, ఎస్‌డీ 35 అని వచ్చిందంటే, సగటులోంచి రెండు ఎస్‌డీలు తీసేస్తే మైనస్ 42. ఫెరిటిన్ మైనస్ కాలేదు కాబట్టి ఆ సగటు మనిషిని చూపించడం లేదు. అక్కడ మధ్యగతం, 25, 75 పర్సెంటైళ్లు రాయండి. చిన్న గుర్తు: ఎస్‌డీ మనుషుల మధ్య తేడాను చెబుతుంది, స్టాండర్డ్ ఎర్రర్ మన సగటు ఎంత నమ్మదగినదో చెబుతుంది. ఎస్‌డీ 1.4, మంది 400 అయితే స్టాండర్డ్ ఎర్రర్ 0.07. చిన్నగా, అందంగా కనిపిస్తుందని ఎస్‌డీ చోట దాన్ని రాయడం తప్పు.

ఏ టెస్టు

ఫలితం అంకెనా, రకమా? గ్రూపులు వేరువేరు మనుషులా, అదే మనుషులను రెండుసార్లు చూశామా? ఈ రెండింటికీ జవాబు చెబితే టెస్టు దాదాపు దొరికినట్టే.

వేరువేరు మనుషులు, గంట ఆకారపు అంకె అయితే రెండు గ్రూపులకు టీ టెస్టు, మూడు, అంతకు మించితే అనోవా. తోక సాగిన అంకెకు మాన్–విట్నీ, మూడు గ్రూపులకు క్రుస్కల్–వాలిస్. అదే మనిషిని చికిత్సకు ముందు, తర్వాత కొలిస్తే పెయిర్డ్ టీ టెస్టు లేదా విల్కాక్సన్. ఉంది, లేదు అన్న ఫలితానికి కై స్క్వేర్. రెండేసి గడుల పట్టికలో ఏ గడిలోనైనా ఆశించిన సంఖ్య 5 కంటే తక్కువైతే ఫిషర్ టెస్టు. ఇక్కడ చూడాల్సింది ఆశించిన సంఖ్య, కనిపించిన సంఖ్య కాదు. అదే మనుషులను ముందు, తర్వాత ఉంది–లేదుగా చూస్తే మెక్‌నెమార్. కై స్క్వేర్‌కు మనుషుల సంఖ్యలు ఇవ్వాలి, శాతాలు ఇస్తే 40 మంది అధ్యయనమూ, 4000 మంది అధ్యయనమూ ఒకేలా కనిపిస్తాయి.

థీసిస్‌లలో మళ్లీ మళ్లీ కనిపించే తప్పు ఇది: "ఇంజెక్షన్ గ్రూపులో ముందు–తర్వాత తేడాకు పి విలువ 0.001, మాత్రల గ్రూపులో 0.08, కాబట్టి ఇంజెక్షనే మేలు." ఇందులో రెండు గ్రూపులను ఎక్కడా పోల్చలేదు. పోల్చాల్సింది నాలుగు వారాల తర్వాతి హిమోగ్లోబిన్‌ను, గ్రూపుకు గ్రూపుకు మధ్య, మొదటి రోజు హిమోగ్లోబిన్‌ను లెక్కలో ఉంచుకుని. దాన్ని ఆంకోవా అంటారు. ఆర్, జమోవి లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో ఉంది.

ఒక పట్టికను చేత్తో చేద్దాం

ఇవి లెక్క నేర్చుకోవడానికి పెట్టుకున్న అంకెలు. 400 మందిలో మాత్రలు క్రమంగా వేసుకోనివాళ్లు 160, వాళ్లలో రక్తహీనత 104 మందికి, అంటే 65 శాతం. క్రమంగా వేసుకున్నవాళ్లు 240, వాళ్లలో 108 మందికి, 45 శాతం.

తేడా 20 శాతపు పాయింట్లు, 95 శాతం విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల పరిధి) 10.3 నుంచి 29.7. రిస్క్ రేషియో 0.65 ÷ 0.45 = 1.44, అంతరం 1.21 నుంచి 1.73. ఆడ్స్ రేషియో, అంటే రక్తహీనత ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఉన్న నిష్పత్తిని రెండు గ్రూపుల మధ్య పోల్చేది, (104 × 132) ÷ (56 × 108) = 2.27, అంతరం 1.50 నుంచి 3.43. కై స్క్వేర్ 15.4, పి విలువ 0.001 కంటే తక్కువ.

ఇక్కడ ఆగి చూడాలి. "మాత్రలు వేసుకోకపోతే రక్తహీనత 2.27 రెట్లు" అని రాస్తే తప్పు. రెట్లు అన్న మాట 1.44కే వర్తిస్తుంది. ఆడ్స్ రేషియో రిస్క్ రేషియోకు దగ్గరగా ఉండేది వ్యాధి అరుదైనప్పుడే. సగం మందికి ఉన్న రక్తహీనతలో రెండూ చాలా దూరం జరుగుతాయి. పి విలువను సాఫ్ట్‌వేర్ 0.000 అని చూపినా, రాసేటప్పుడు "0.001 కంటే తక్కువ" అనే రాయండి. నిజంగా తేడా లేదనుకుంటే, ఇంత తేడా లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశమే పి విలువ. తేడా ఎంత పెద్దదో అది చెప్పదు, ఆ పని విశ్వాస అంతరానిది.

ఈ తేడా మాత్రల వల్లేనా

మాత్రలు క్రమంగా వేసుకునేవాళ్లు చదువుకున్నవాళ్లూ, ముందుగా పేరు నమోదు చేయించుకున్నవాళ్లూ కావచ్చు. నెలలు పెరిగేకొద్దీ రక్తంలో ప్లాస్మా పెరిగి హిమోగ్లోబిన్ పలచబడుతుంది, కాబట్టి ఎన్నో వారమన్నది కూడా అడ్డొస్తుంది. ఇలాంటివాటిని లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (ఉంది–లేదు ఫలితానికి పలు అంశాలను ఒకేసారి లెక్కలోకి తీసుకునే పద్ధతిలో) కలిపి సవరించాలి. ఏవి కలపాలో ముందే విషయజ్ఞానంతో నిర్ణయించండి. ఒక్కొక్కటిగా టెస్టు వేసి పి 0.05 లోపు వచ్చినవాటినే ఎంచుకోవడం మంచి దారి కాదు, ముఖ్యమైనవి జారిపోతాయి. కలిపే అంశాల సంఖ్య, వ్యాధి ఉన్నవాళ్లు, లేనివాళ్లలో తక్కువ సంఖ్య ఏదో దానికి పదోవంతు దాటకుండా చూసుకోవడం వాడుకలో ఉన్న కొలమానం. మన ఉదాహరణలో రక్తహీనత లేనివాళ్లు 188, కాబట్టి గరిష్ఠంగా 18. నాలుగు వర్గాలున్న చదువు ఒకటిగా కాదు, మూడుగా లెక్కకొస్తుంది.

ఫెరిటిన్‌ను మాత్రం ఇందులో కలపకూడదు. మాత్ర హిమోగ్లోబిన్‌ను పెంచేది ఇనుము నిల్వల ద్వారానే. ఆ దారినే సవరించి తీసేస్తే మాత్ర ప్రభావం మాయమవుతుంది, "మాత్రలతో ప్రయోజనం లేదు" అన్న ప్రమాదకరమైన వాక్యం థీసిస్‌లోకి చేరుతుంది.

సవరించాక కూడా ఒక చిక్కు ఉంటుంది. మాత్రల గురించి అడిగిందీ, రక్తం తీసిందీ ఒకే రోజు. బాగా రక్తహీనత ఉన్న గర్భిణిని ఏఎన్‌ఎం ఇంటికెళ్లి మరీ మాత్రలు వేయిస్తుంది. అంటే వ్యాధే మాత్రలను పెంచి ఉండవచ్చు. ఒక్కసారి చూసే అధ్యయనం ఈ ముడి విప్పలేదు. కాబట్టి "సంబంధం కనిపించింది" అనాలి, "కారణం" అనకూడదు.

రాసేటప్పుడు

ఒక్కసారి చూసే, కోహార్ట్, కేస్ కంట్రోల్ అధ్యయనాలకు స్ట్రోబ్, ట్రయల్స్‌కు కన్సార్ట్, రోగ నిర్ధారణ పరీక్షలకు స్టార్డ్ అనే, ఏమేం రాయాలో చెప్పే జాబితాలున్నాయి. రాయడం అయ్యాక కాదు, సినాప్సిస్ దశలోనే ముందర పెట్టుకోండి. ఎంతమంది అర్హులు, ఎంతమంది చేరారు, ఎంతమంది వివరాలు పోయాయి, ఎంతమందిని విశ్లేషించారు అన్న వరుస మొదటి పట్టిక కంటే ముందే రావాలి. సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు వెర్షన్ కూడా రాయండి. ప్రోటోకాల్ నుంచి ఏదైనా మారితే ఏది, ఎప్పుడు, ఎందుకు అన్నది దాచకుండా చెప్పండి. దాని వల్ల మార్కులు పోవు.

తేడా రాకపోతే ఏం రాయాలన్నది అందరినీ భయపెట్టే ప్రశ్న. రెండు చికిత్సల మధ్య తేడా 0.3 గ్రాము, అంతరం మైనస్ 0.1 నుంచి 0.7 అని వచ్చిందనుకోండి. పి 0.05 దాటింది. "రెండు చికిత్సలూ సమానం" అని రాయడానికి లేదు, ఎందుకంటే మనం ముఖ్యమనుకున్న 0.5 గ్రాము ఆ అంతరంలోనే ఉంది. "తేడా ఉందో లేదో ఈ అధ్యయనం తేల్చలేకపోయింది, 0.7 గ్రాము దాకా మేలు ఉండే వీలుంది" అని రాయాలి. అదే అంతరం మైనస్ 0.1 నుంచి 0.2 అయి ఉంటే, 0.5 గ్రాముల మేలు లేదని ధైర్యంగా చెప్పవచ్చు.